కేవీఎం, వర్ట్-మేనేజర్ రివ్యూ: స్పీడుకి ఫుల్ మార్కులు, ర్యామ్ లెక్క మాత్రం మనమే చూసుకోవాలి

లైనక్స్ మీద వీఎంలు (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ కంప్యూటర్లు) నడపడానికి ఏది వాడాలి అని ఎవరడిగినా నేను కేవీఎం పేరే చెప్తా, ఇప్పుడూ అదే చెప్తున్నా, కాబట్టి ఈ రివ్యూలో సస్పెన్స్ ఏం లేదు. స్పీడు గురించీ బెంచ్‌మార్కుల గురించీ ఇప్పటికే బోలెడంత మంది రాసేశారు, నేను రాసేది ర్యామ్ గురించి మాత్రమే. ఎందుకంటే కొత్తగా వాడేవాళ్ళు దీన్ని తిట్టుకునేది ఎక్కువగా ఒకే విషయానికి: రోజుల తరబడి బంగారంలా నడిచిన వీఎం ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంది, లోపల లాగ్ తెరిస్తే ఒక్క ఎర్రర్ ఉండదు, మళ్ళీ స్టార్ట్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. ఇంకేముంది, కేవీఎం స్టేబుల్ కాదు అని తీర్పిచ్చేస్తారు. చాలాసార్లు అక్కడ జరిగింది ఏంటంటే హోస్ట్ (వీఎంలు నడిచే అసలు మెషీన్) కెర్నెల్, అంటే దాని లైనక్స్ గుండెకాయ, ఆ వీఎంని చంపేసింది, ఆ పరిస్థితి తెచ్చింది మనం పెట్టిన మెమరీ సెట్టింగులు. మరి ఆ సెట్టింగులు పెట్టేటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ మనకేమన్నా చెప్పిందా అంటే ఒక్క ముక్క చెప్పదు, నా కంప్లైంట్ అంతా అక్కడే.

ముందు ఇదేంటో రెండు ముక్కల్లో. కేవీఎం లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంటుంది, 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్‌లో కలిపారు. దానికి తోడు క్యూఎము, ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎమ్యులేటర్, గెస్ట్‌కి (వీఎం లోపల నడిచే ఓఎస్) కనిపించే డిస్కు, నెట్‌వర్క్ కార్డు, డిస్‌ప్లే అన్నీ అదే తయారుచేసి చూపిస్తుంది. వీటి మీద లిబ్‌వర్ట్ అనే సర్వీసు, దాని మీద మనం క్లిక్ చేసుకునే వర్ట్-మేనేజర్ విండో. నాలుగూ ఫ్రీ, దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ దొరుకుతాయి. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, నడుస్తున్న ప్రతి వీఎం హోస్ట్ దృష్టిలో ఒక మామూలు ప్రాసెస్. మీ బ్రౌజర్ ఎంతో అదీ అంతే, టాప్ కమాండ్ కొడితే కనిపిస్తుంది, కిల్ కమాండ్ కొడితే చస్తుంది. షెడ్యూలింగూ మెమరీ మేనేజ్‌మెంటూ మళ్ళీ కొత్తగా రాయకుండా లైనక్స్‌లో ఉన్నవే వాడుకున్నారు కాబట్టే కేవీఎం ఇంత సింపుల్‌గా ఇంత ఫాస్ట్‌గా ఉంది, అలాగే ర్యామ్ అయిపోయినప్పుడు లైనక్స్ ఏ ప్రాసెస్‌కైనా ఏ మర్యాద చేస్తుందో వీఎంకి కూడా అదే మర్యాద చేస్తుంది.

ఇప్పుడు వర్ట్-మేనేజర్ సంగతి. కొత్త వీఎం చేసేటప్పుడు ర్యామ్ ఎంత కావాలి అని అడుగుతుంది, ఆ డబ్బా కింద హోస్ట్‌లో ఇంత వరకు ఉంది అని ఒక అంకె వేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అది హోస్ట్‌లో ఉన్న మొత్తం ర్యామ్, ఇప్పుడు ఖాళీగా ఉన్నది కాదు. 32 జీబీ మెషీన్‌లో అప్పటికే రెండు వీఎంలు చెరో 12 తీసుకుని నడుస్తున్నా మూడోదానికి కూడా అదే 32కి దగ్గర అంకె చూపిస్తుంది. మీరు 16 అని కొడితే సరే అంటుంది, వీఎం లేస్తుంది, లాగిన్ అవుతారు, అన్నీ పనిచేస్తాయి. కలిపితే 40, ఉన్నది 32, అయినా ఎవరూ ఏమీ అనరు. ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్, ఒక కూడిక చేసి చూపించడానికి ఏం పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎలా లేచిందీ అంటే, లైనక్స్ ర్యామ్‌ని అడిగినప్పుడు ఇవ్వదు, తాకినప్పుడు ఇస్తుంది. క్యూఎము 16 జీబీ కావాలంటే కెర్నెల్ సరేనంటుంది, కానీ గెస్ట్ ఒక్కో పేజీని (ర్యామ్‌లో ఒక చిన్న ముక్క) నిజంగా వాడినప్పుడే అసలు ర్యామ్ చేతిలో పెడుతుంది. హాల్లో ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మేసి అందరూ ఒకే ఆటకి రారులే అని ధీమాగా కూర్చోవడం లాంటిది ఇది. దీన్నే ఓవర్‌కమిట్ అంటారు, లైనక్స్‌లో డిఫాల్ట్‌గా ఆన్ అయ్యే ఉంటుంది. డిఫాల్ట్ మోడ్, అంటే 0, ఏం చేస్తుందంటే ఒక్క దెబ్బలో అడిగిన సైజు మొత్తం ర్యామ్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) కలిపినదాన్ని దాటితేనే కుదరదంటుంది. అంటే 32 జీబీ మెషీన్‌లో 30 జీబీ వీఎంలు మూడు పెట్టినా విడివిడిగా ఒక్కోటీ పరీక్ష పాసైపోతుంది, మూడూ లేస్తాయి.

ఆ మూడూ ఎంతసేపు బతుకుతాయన్నది లోపల ఏ ఓఎస్ ఉందన్నదాన్ని బట్టి. లైనక్స్ గెస్ట్ బూట్ అయ్యాక చాలా తక్కువ వాడుతుంది, కానీ ఫైళ్ళు చదివే కొద్దీ ఖాళీ ర్యామ్‌ని పేజ్ క్యాష్‌తో, అంటే చదివిన ఫైళ్ళ కాపీలతో, నింపుకుంటూ పోతుంది, అది దాని స్వభావం, ఖాళీ ర్యామ్ వృథా ర్యామ్ అన్నది దాని సిద్ధాంతం. గెస్ట్ లోపల ఫ్రీ కమాండ్ కొడితే బోలెడంత అందుబాటులో ఉందని చూపిస్తుంది, బయట హోస్ట్‌కి మాత్రం ఆ పేజీలన్నీ ఒకసారి తాకేసిన పేజీలే, గెస్ట్ లోపల క్యాష్ ఖాళీ చేసినా ఆ ర్యామ్ హోస్ట్‌కి తనంతట తాను తిరిగి రాదు. విండోస్ గెస్ట్ ఇంకా తొందరపడుతుంది, ఖాళీ పేజీల్ని సున్నాలతో నింపిపెట్టుకునే అలవాటు దానికుంది, అందుకని బూట్ అయిన కాసేపటికే ఇచ్చిందంతా వాడేసినట్టు హోస్ట్‌లో కనిపిస్తుంది. కాబట్టి విండోస్ గెస్టులతో లెక్క తప్పితే అదే రోజు తెలిసిపోతుంది, లైనక్స్ గెస్టులతో తప్పితే ఎప్పుడో రాత్రి బ్యాకప్ జాబ్ డిస్కంతా చదివినప్పుడు తెలుస్తుంది. రోజులు బాగా నడిచి తర్వాత పోయింది అనే కథల్లో ఎక్కువ ఈ రెండో రకం.

ర్యామ్ నిజంగా అయిపోయాక కెర్నెల్ ముందు క్యాష్ వదిలించుకుంటుంది, స్వాప్‌లోకి తోస్తుంది, ఇక ఏ దారీ లేకపోతే ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్‌ని, అంటే ర్యామ్ కోసం ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేసే భాగాన్ని, పిలుస్తుంది. దాని లెక్క సూటిగా ఉంటుంది, ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్నారో వాళ్ళకే ఎక్కువ స్కోరు. వీఎంలు నడిపే హోస్ట్‌లో ఎక్కువ పట్టుకుని కూర్చునేది ఎవరు, అతిపెద్ద వీఎం. ర్యామ్ నింపింది పక్కన ఇంకేదో బ్రౌజరో కంపైలరో అయినా పోయేది మాత్రం మీ డేటాబేస్ వీఎం. తిలా పాపం తలా పిడికెడు కూడా కాదు, అందరి పాపం ఒక్కడి నెత్తిన. సిగ్‌కిల్ (ఉన్నపళంగా చావమనే ఆర్డర్) పడుతుంది కాబట్టి క్యూఎముకి ఆఖరి మాట రాసుకునే అవకాశం కూడా ఉండదు, గెస్ట్‌కి అది ప్లగ్ పీకేసినట్టే. అందుకే లోపల లాగ్‌లో ఏమీ దొరకదు, తర్వాతి బూట్‌లో ఫైల్‌సిస్టమ్ జర్నల్ రికవరీ అని ఒక లైన్ తప్ప.

ఇక్కడొక మంచి మాట చెప్పాలి. ప్రాసెస్ చచ్చినా హోస్ట్ కెర్నెల్ బతికే ఉంటుంది కాబట్టి క్యూఎము అప్పటికే రాసేసిన డేటా హోస్ట్ క్యాష్‌లో ఉన్నా సరే డిస్కుకి చేరుతుంది, పోయేది గెస్ట్ తన ర్యామ్‌లో ఇంకా దాచుకున్నది మాత్రమే. క్యూకౌ2 ఇమేజీలో (వీఎం డిస్కుని దాచే ఫైలు) లీకైన క్లస్టర్లు, అంటే ఎవరూ వాడకుండా చోటు తినే ముక్కలు, మిగలొచ్చు, క్యూఎము-ఇమేజ్ చెక్ ఒకసారి నడిపితే చెప్తుంది.

కారణం కనుక్కోవడం ఎలా అన్నదాంట్లో మాత్రం ఈ ప్రాడక్టుకి నేను సగం మార్కులే ఇస్తా. వర్ట్-మేనేజర్ విండోలో వీఎం పక్కన షట్ ఆఫ్ అని ఉంటుంది, అంతే, మీరు ఆపారా అదే పోయిందా అన్న తేడా ఆ లిస్టులో కనిపించదు. లిబ్‌వర్ట్ దగ్గర ఆ సమాచారం లేదా అంటే ఉంది, వర్ష్ కమాండుతో డొమైన్ (లిబ్‌వర్ట్ భాషలో వీఎం) స్టేట్‌ని రీజన్‌తో సహా అడిగితే క్రాష్డ్ అని చెప్తుంది, /var/log/libvirt/qemu ఫోల్డర్లో వీఎం పేరుతో ఉండే ఫైల్‌లో చివరి లైను కూడా షటింగ్ డౌన్, రీజన్ క్రాష్డ్ అనే ఉంటుంది. కానీ ఎందుకు క్రాష్ అయిందో దానికీ తెలియదు. అసలు సాక్ష్యం హోస్ట్‌లో డీమెసేజ్‌లోనో (కెర్నెల్ మెసేజ్‌లు చూపించే కమాండు) జర్నల్‌లోనో (సిస్టమ్ లాగ్) ఉంటుంది, అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్ అని ఒక లైను, బ్రాకెట్లో క్యూఎము-సిస్టమ్-ఎక్స్86 అని పేరు. అసలు పేరు ఇంకా పొడుగు, కెర్నెల్ ప్రాసెస్ పేరులో 15 అక్షరాలే దాచుకుంటుంది కాబట్టి అక్కడికి తెగిపోతుంది, పూర్తి పేరుతో వెతికి దొరకలేదని వదిలెయ్యకండి. ఆ లైన్లోనే టోటల్ వీఎం అని ఒకటి, అనాన్ ఆర్‌ఎస్‌ఎస్ అని ఒకటి ఉంటాయి, మొదటిది అడిగినది, రెండోది నిజంగా పట్టుకున్నది, చూడాల్సింది రెండోదే. వర్ట్-ఐఓ-ఎఫ్‌ఎస్ (హోస్ట్ ఫోల్డర్‌ని గెస్ట్‌తో పంచుకునే పద్ధతి) కోసం షేర్డ్ మెమరీ పెట్టుకున్న వీఎం అయితే ఆ అంకె అనాన్‌లో కాకుండా షెమ్ ఆర్‌ఎస్‌ఎస్‌లో పడుతుంది, అది చూసుకోకపోతే వీఎం చిన్నదే కదా ఎందుకు చంపింది అని తల పట్టుకోవాల్సి వస్తుంది.

డీమెసేజ్‌లో ఏమీ లేకపోతే ఇంకో అనుమానితుడు సిస్టమ్‌డీ-ఓఓఎండీ. ఫెడోరా 34 నుంచి, ఉబుంటు 22.04 నుంచి డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్‌గా వస్తుంది. ఇది కెర్నెల్ కన్నా ముందే మేలుకుని, మెమరీ ప్రెషర్ అంకెలూ స్వాప్ నిండటమూ చూసి మొత్తం సీగ్రూప్‌ని (కలిపి లెక్కపెట్టే ప్రాసెస్‌ల గుంపు) ఒకేసారి లేపేస్తుంది. దీని సంగతి జర్నల్‌లోనే ఉంటుంది. గ్నోమ్ బాక్సెస్‌లాగా యూజర్ సెషన్ లోపల నడిచే వీఎంలకి దీని దెబ్బ తగిలే ఛాన్స్ ఎక్కువ. ఇంకో తేడా కూడా చూసుకోవాలి, వీఎం నడుస్తూనే ఉండి లోపల యాప్ మాత్రమే పోతే అది గెస్ట్‌లో జరిగిన ఓఓఎం, హోస్ట్‌కి సంబంధం లేదు, ఆ వీఎంకి ర్యామ్ పెంచాలి. హోస్ట్‌లో జరిగితే మాత్రం వీఎంలకి ర్యామ్ తగ్గించాలి. ఈ రెండిటికీ మందు సరిగ్గా తలకిందులు, ఏ జబ్బో తెలియకుండా వేస్తే ఇంకా ముదురుతుంది, ఇది నిజంగా చాలా చోట్ల జరుగుతుంది, వీఎం పోతోంది కదా అని 8ని 12 చేస్తారు, అది ఇంకా తొందరగా పోతుంది.

ఓవర్‌కమిట్‌ని మోడ్ 2కి మార్చండి ఇక చంపడాలు ఉండవు అనే సలహా కూడా తెగ తిరుగుతూ ఉంటుంది. సగం నిజం. మోడ్ 2లో కెర్నెల్ గట్టిగా లెక్కపెడుతుంది, కానీ ఆ లెక్కలో ర్యామ్‌లో 50 శాతం, దానికి స్వాప్ కలిపి, అంతవరకే మాట ఇస్తుంది, ఆ 50 అనేది ఓవర్‌కమిట్ రేషియో డిఫాల్ట్. 32 జీబీ ర్యామ్, 8 జీబీ స్వాప్ ఉంటే పరిమితి 24. అంతకు మించి అడిగితే క్యూఎము గెస్ట్ మెమరీ సెటప్ చెయ్యలేకపోయాను అని చెప్పి స్టార్టే అవ్వదు. నిజానికి నాకు ఈ ఫెయిలయ్యే పద్ధతే నచ్చుతుంది, అర్ధరాత్రి పోయే బదులు పొద్దున్నే కుదరదని మొహం మీద చెప్పింది. కాకపోతే హోస్ట్‌లో డెస్క్‌టాప్ కూడా నడుపుతుంటే బ్రౌజర్ల లాంటివి వాడని మెమరీని కూడా గుట్టలు గుట్టలుగా అడిగిపెట్టుకుంటాయి, వాటికి కూడా మెమరీ దొరకక కూలిపోవడం మొదలవుతుంది. వీఎంలు తప్ప ఇంకేమీ లేని సర్వర్ అయితే రేషియో పెంచుకుని మోడ్ 2 పెట్టుకోవచ్చు, ల్యాప్‌టాప్‌లో వద్దు. ఇక మోడ్ 1 అంటే ఎంతడిగినా సరే అనడం, అది వీఎం హోస్ట్‌లో ఎందుకు పెడతారో నాకైతే తెలీదు.

స్వాప్ అసలు లేకుండా పెట్టేవాళ్ళని కూడా చూస్తుంటాం, స్లో అవుతుందని. స్లో అవుతుంది నిజమే, వీఎం మెమరీ స్వాప్‌లోకి పోతే గెస్ట్‌కి ఆ విషయం తెలియదు, దానికి ఉన్నట్టుండి తన ర్యామే డిస్కులాగా నత్తనడక నడుస్తుంది. కానీ స్వాప్ లేకపోతే ఆ నత్తనడక అనే హెచ్చరిక కూడా ఉండదు, నేరుగా చావే. కొంచెం స్వాప్ పెట్టి, స్వాపీనెస్ (స్వాప్‌లోకి ఎంత తొందరగా తొయ్యాలో చెప్పే అంకె) డిఫాల్ట్ 60 నుంచి 10 దగ్గరికి దించి, స్వాప్ వాడకం పెరుగుతుంటే మనకి తెలిసేలా చూసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

హ్యూజ్ పేజీల సంగతి అయితే ఇంకా గమ్మత్తు. పనితీరు పెరుగుతుందని మామూలు చిన్న పేజీల బదులు 2 ఎంబీ పేజీలు ముందే రిజర్వ్ చేస్తారు, ఉదాహరణకి 16 జీబీ వీఎంకి 8192 పేజీలు. రిజర్వ్ చేసిన క్షణం నుంచి ఆ 16 జీబీ మామూలు ప్రాసెస్‌లకి కనపడదు, స్వాప్‌లోకీ పోదు. అంతా బాగానే ఉంది, కానీ వీఎం ఎక్స్‌ఎంఎల్‌లో (లిబ్‌వర్ట్ సెట్టింగుల ఫైలు) మెమరీ బ్యాకింగ్ కింద హ్యూజ్ పేజీలు వాడు అని రాయకపోతే క్యూఎము వాటిని ముట్టుకోదు, మామూలు ర్యామ్‌లోంచి ఇంకో 16 తీసుకుంటుంది. 32 జీబీ మెషీన్‌లో సగం తాళం వేసి ఖాళీగా ఉంటుంది, మిగిలిన సగంలో వీఎం, హోస్ట్, క్యాష్ అన్నీ కొట్టుకుంటాయి, ఓఓఎం కిల్లర్ దిగుతుంది, మెమరీ గ్రాఫ్ చూస్తే తలాతోకా ఉండదు. హోస్ట్ మెమ్‌ఇన్ఫోలో (/proc/meminfo ఫైలు) హ్యూజ్ పేజెస్ టోటల్, హ్యూజ్ పేజెస్ ఫ్రీ రెండూ ఒకేలా ఉంటే, వీఎం నడుస్తుండగా, ఇదే జరుగుతోందని అర్థం. ఇంకోటి, మెషీన్ కొన్నాళ్ళు నడిచాక రిజర్వ్ చెయ్యబోతే ర్యామ్ ముక్కలు ముక్కలై ఉంటుంది, మీరు 8192 అని రాస్తే కెర్నెల్ దొరికినన్నే ఇచ్చి నోరు మెదపకుండా ఊరుకుంటుంది, రాసిన అంకె కాదు ఇచ్చిన అంకె చదువుకోవాలి. బూట్ టైమ్‌లోనే అడగడం మంచిది. ఇదంతా వద్దనుకుంటే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు ఉన్నాయి, క్యూఎము తన మెమరీకి వాటిని తనే అడుగుతుంది, మ్యాడ్వైజ్ (అడిగిన ప్రాసెస్‌కే ఇచ్చే) మోడ్‌లో ఉన్నా పనిచేస్తుంది, రిజర్వేషన్ గోల లేదు, మామూలు వాడకానికి అది చాలు.

బెలూనింగ్ ఫీచర్ చూసి చాలామంది మురిసిపోతారు, వీఎంకి గరిష్ఠంగా 16, ప్రస్తుతానికి 8 అని పెట్టొచ్చు, గెస్ట్ లోపల వర్ట్-ఐఓ బెలూన్ డ్రైవర్ ఉబ్బి ర్యామ్‌ని వెనక్కిస్తుంది. పనిచేస్తుంది, బాగానే పనిచేస్తుంది, కానీ లిబ్‌వర్ట్ దాన్ని తనంతట తాను నడపదు, హోస్ట్‌లో ఇరుకైంది కాబట్టి బెలూన్ ఉబ్బిద్దాం అని ఆలోచించే బుర్ర పైనుంచి రావాలి, మీరో మీ స్క్రిప్టో. ప్రాక్స్‌మాక్స్‌లో (కేవీఎం మీదే కట్టిన సర్వర్ ఓఎస్) ఆ బుర్ర ఉంది, హోస్ట్ వాడకం 80 శాతం దగ్గరికి వస్తే అదే సర్దుతుంది. గెస్ట్‌లో డ్రైవర్ లేకపోతే బెలూన్ ఉబ్బదు, హోస్ట్‌లో 8 అనుకుంటుంటే అది 16 తింటుంది. మరీ ఎక్కువ ఉబ్బిస్తే గెస్ట్ లోపల ఓఓఎం వస్తుంది, ఆటోడిఫ్లేట్ ఆన్ చేసుకుంటే అలాంటప్పుడు కొంచెం గాలి వదులుతుంది. ఫ్రీ పేజ్ రిపోర్టింగ్ అని ఇంకోటి ఉంది, గెస్ట్ కెర్నెల్ 5.7 పైన, క్యూఎము 5.1 పైన ఉంటే గెస్ట్ ఖాళీ పేజీల గురించి తనే హోస్ట్‌కి చెప్తూ ఉంటుంది, నన్నడిగితే బెలూన్ కన్నా ఇది హాయి. గెస్ట్ పేజ్ క్యాష్‌లో ఉన్నవి మాత్రం ఖాళీ కింద లెక్కకి రావు, అద్భుతాలేం ఆశించకండి.

కేఎస్‌ఎం అని ఒకేలా ఉన్న పేజీల్ని కలిపి ర్యామ్ ఆదా చేసేది కూడా ఉంది, ఒకే ఓఎస్‌తో పది వీఎంలు నడిపేవాళ్ళకి బాగా కలిసొస్తుంది, కానీ ఆ ఆదాని నమ్ముకుని ఇంకో వీఎం పెట్టారంటే అన్ని గెస్టులూ ఒకే రాత్రి అప్‌డేట్ అయినప్పుడు కలిసి ఉన్న పేజీలన్నీ విడిపోతాయి, ఆదా అంతా అప్పటికప్పుడు ఆవిరి. ఒకరికొకరు తెలియనివాళ్ళ వీఎంలు ఒకే హోస్ట్‌లో ఉంటే సెక్యూరిటీ కోసం దాన్ని ఆపెయ్యడమే మేలు.

జీపీయూ పాస్‌త్రూ (గ్రాఫిక్స్ కార్డుని నేరుగా వీఎంకే ఇచ్చెయ్యడం) వాడేవాళ్ళకి పై రెండు పేరాలూ వర్తించవు. అలా నేరుగా ఇచ్చే వీఎఫ్‌ఐఓ డివైజు తగిలించగానే గెస్ట్ ర్యామ్ మొత్తం మొదటి నిమిషంలోనే పిన్ అయిపోతుంది, అంటే కదలకుండా బిగిసిపోతుంది, ఎందుకంటే ఆ డివైజు ఎప్పుడు ఏ అడ్రస్‌లో రాస్తుందో తెలియదు. స్వాప్ లేదు, కేఎస్‌ఎం లేదు, బెలూన్ లేదు, ఇచ్చిన అంకె ఇచ్చినట్టే పోతుంది. ఒక రకంగా ఇదే నిజాయితీగల కాన్ఫిగరేషన్, సరిపోకపోతే మొదట్లోనే తేలిపోతుంది.

లిబ్‌వర్ట్‌లో హార్డ్ లిమిట్ అనే సెట్టింగ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. 8 జీబీ వీఎం కదా 8 జీబీ లిమిట్ పెడదాం, పక్కవాటిని తినదు అని చాలా లాజికల్‌గా అనిపిస్తుంది. కానీ క్యూఎము ప్రాసెస్‌కి గెస్ట్ ర్యామ్ కాక సొంత ఖర్చు ఉంటుంది, వీడియో మెమరీ, డిస్క్ ఐఓ బఫర్లు, థ్రెడ్లు, అది ఎంతో ముందే చెప్పే ఫార్ములా లేదు. లిమిట్ దాటిన క్షణం హోస్ట్‌లో 20 జీబీ ఖాళీగా ఉన్నా కెర్నెల్ ఆ వీఎంని చంపేస్తుంది. డీమెసేజ్‌లో లైను మెమరీ సీగ్రూప్ అవుట్ ఆఫ్ మెమరీ అని మొదలైతే ఇదే. లిబ్‌వర్ట్ డాక్యుమెంటేషనే దీన్ని పెట్టొద్దని గట్టిగా చెప్తుంది, ఆ మాట చదివేది మాత్రం వీఎం పోయాక. రెండు సాకెట్ల సర్వర్లలో న్యూమా (ఒక్కో ప్రాసెసర్‌కి తన దగ్గరి ర్యామ్‌తో ఒక నోడ్) స్ట్రిక్ట్ మోడ్ కూడా ఇలాంటి పనే చేస్తుంది, ఒక నోడ్ నిండిపోతే పక్క నోడ్‌లో ఎంత ఖాళీ ఉన్నా అటు చూడదు, ప్రిఫర్డ్ మోడ్ పెట్టుకుంటే గొడవ లేదు.

డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఉంటే దాని క్యాష్, ఆర్క్ అంటారు, అది వేరే సామ్రాజ్యం. లైనక్స్ మీద చాలా ఏళ్ళపాటు డిఫాల్ట్‌గా ర్యామ్‌లో సగం వరకు తీసుకునేది, ఫ్రీ కమాండులో క్యాష్ కింద కాకుండా వాడేసిన దాని కింద కనిపిస్తుంది, అడిగితే వదులుతుంది గానీ వీఎం ఒక్కసారిగా ర్యామ్ అడిగినంత వేగంగా వదలకపోవచ్చు. పైన పరిమితి మీరే పెట్టుకోండి. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాలర్ 8.1 నుంచి కొత్త ఇన్‌స్టాల్స్‌లో దాన్ని 10 శాతానికి, అదీ 16 జీబీ దాటకుండా కట్టేసింది, ఎందుకు కట్టేసిందో ఇంతదాకా చదివినవాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది. మామూలు ఫైల్‌సిస్టమ్ అయితే డిస్క్ క్యాష్ మోడ్ none (హోస్ట్ క్యాష్ వద్దు) అని పెట్టుకుంటే చాలు, ఒకే డేటాని గెస్ట్ ఒకసారి, హోస్ట్ ఒకసారి దాచుకునే డబుల్ ఖర్చు తప్పుతుంది.

మరి లెక్క ఎలా వెయ్యాలి అంటే నేను వేసేది ఇలా. 32 జీబీలో హోస్ట్‌కి 4 పక్కన పెట్టు, డెస్క్‌టాప్, బ్రౌజర్ ఉంటే 8. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంటే ఆర్క్ పరిమితి ఎంతో అదీ లెక్కలోంచి తీసెయ్. ఒక్కో వీఎం దగ్గర దాని అంకె కాక ఇంకో అర జీబీ వేసుకో, ఇది శాస్త్రం కాదు నా జాగ్రత్త. మిగిలిందే వీఎంలకి, అన్నీ ఒకేసారి గరిష్ఠం వాడినా సరిపోవాలి. ఓవర్‌కమిట్ చెయ్యాలనిపిస్తే ముఖ్యం కాని వీఎంలతోనే చెయ్యి, ముఖ్యమైన దానికి చూమ్ కమాండుతో ఓఓఎం స్కోరు తగ్గించుకో. మైనస్ 1000 పెడితే దాన్ని అస్సలు ముట్టుకోదు, కానీ అన్నిటికీ మైనస్ 1000 పెట్టే తెలివి ప్రదర్శించొద్దు, అప్పుడు కెర్నెల్ ఇంకెవరినో బలిచ్చుకుంటుంది, ఎవరూ దొరకకపోతే హోస్టే ప్యానిక్ అవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వీఎం పోతుంటే, డీమెసేజ్‌లో ఓఓఎం బదులు మెషీన్ చెక్, హార్డ్‌వేర్ ఎర్రర్ లాంటి లైన్లు ఉంటే అది సెట్టింగ్ కాదు, ర్యామ్ కర్రే పాడైంది, ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడపండి.

పోటీవాటి గురించి క్లుప్తంగా. వర్చువల్‌బాక్స్‌లో ర్యామ్ స్లైడర్‌కి పచ్చ రంగు, ఎరుపు రంగు ఉంటాయి, ఎంతవరకు సేఫో కంటికి కనిపిస్తుంది, ఆ ఒక్క విషయంలో వర్ట్-మేనేజర్ దాని కాళ్ళకి దణ్ణం పెట్టాలి, మిగతా అన్నిటిలో నాకు కేవీఎమ్మే నచ్చుతుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో గెస్ట్ మెమరీ మొత్తం ర్యామ్‌లోనే ఉండాలా, కొంత స్వాప్‌కి పోవచ్చా అని మనల్నే అడిగే ఆప్షన్ ఉంది, 2024 నుంచి ఫ్రీ కూడా, అయితే కెర్నెల్ మారినప్పుడల్లా దాని మాడ్యూళ్ళు బిల్డ్ అయ్యాయో లేదో చూసుకోవడం వేరే తలనొప్పి. ప్రాక్స్‌మాక్స్ అంటే లోపల ఇదే కేవీఎం, ఇదే క్యూఎము, పైన లిబ్‌వర్ట్ బదులు వాళ్ళ సొంత మేనేజర్, మెమరీ గ్రాఫులు వెబ్ పేజీలోనే ఉంటాయి.

5కి 4 ఇస్తున్నా. కేవీఎం, క్యూఎములకి విడిగా అడిగితే నాలుగున్నర, వర్ట్-మేనేజర్‌కి మూడు. ర్యామ్ కూడిక వేసుకునే ఓపిక ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని తీసుకోమంటా, ఆ ఓపిక లేకుండా మెషీన్ మొత్తం వీఎంలకే కేటాయించగలిగితే ప్రాక్స్‌మాక్స్ వేసుకోండి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ట్యాబులు తెరిచి పెట్టుకుని విండోస్ గెస్ట్ నడపాలనుకునేవాళ్ళకి మాత్రం ఇదనే కాదు ఏ హైపర్‌వైజరూ (వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) సరిపోదు, ముందు ర్యామ్ కొనండి.